పాత్ర, నటుడు, ద్రోహం: ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’ చలనచిత్రంపై ఒక పునర్విమర్శ

చెన్ కైగె దర్శకత్వంలో 1993లో వచ్చిన ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’ చైనీస్ భాషాచిత్రాలలో మహాకృతిగా స్థిరపడిపోయింది. ఆ యేటి కాన్ చలనచిత్రోత్సవంలో జేన్ కాంపియన్ తీసిన ‘ది పియానో’తో కలిసి పామ్ డోర్ పురస్కారాన్ని పంచుకొంది. చైనీస్ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. స్వదేశంలో ప్రదర్శనకు ఆటంకాలు ఎదురయ్యాయి. అమెరికాలో విడుదల చేసినవారు సుమారు పావుగంట నిడివిని కత్తిరించారు. ఈ రెండు కారణాల వల్ల చిత్రానికి కీర్తితో పాటు ఒక రక్షణకవచం కూడా ఏర్పడింది. కత్తెరకూ నిషేధానికీ గురైన కృతిలో దోషం చూపడానికి విమర్శకులు సాధారణంగా వెనుకాడతారు. అధికారం శంకించిన రచన గొప్పదే అయి ఉండాలన్న భావన మన సాహిత్య విమర్శలోనూ లేకపోలేదు. కాని ఒక కృతి ఎదుర్కొన్న కష్టం దాని శిల్పానికి ప్రమాణం కాజాలదు.

ఈ చిత్రం విఫలప్రేమనూ, ద్రోహాన్నీ ప్రధాన వస్తువుగా స్వీకరించింది. అందులో ప్రేమ ప్రేక్షకుని కంటికి నిండుగా కనిపిస్తుంది గాని మనసులో నిలవదు. ద్రోహం పదేపదే జరుగుతుంది గాని ఒక్కసారి తప్ప బరువుగా తాకదు. నటులూ ఛాయాగ్రాహకుడూ ఇందుకు కారణం కారు. లోపం కథనానికి ఆధారమైన ఒక భావనలో ఉంది. నటుడు తన పాత్రలో కరిగిపోవడమే ప్రేమకు పరాకాష్ఠ అని చిత్రం విశ్వసిస్తుంది. అలా కరిగిపోలేని ప్రతివాడూ ద్రోహి అవుతాడు. ఈ లెక్కలో నిజమైన ద్రోహానికీ, మామూలు మానవ బలహీనతకూ తేడా చెరిగిపోయింది.

కథ 1924 నుండి 1977 వరకు సాగుతుంది. వేశ్య అయిన తల్లి తన కుమారుడు డౌజీని పెకింగ్ సంగీతనాటక శిక్షణాలయంలో చేర్చడానికి తీసుకొస్తుంది. బిడ్డ చేతికి ఆరు వేళ్లున్నాయని గురువు తిరస్కరిస్తే, ఆమె ఆ ఆరో వేలిని తానే నరికి అప్పగించి వెళ్లిపోతుంది. అక్కడ అతనికి షితౌ అనే పెద్ద కుర్రవాడు అండగా నిలుస్తాడు. డౌజీ స్త్రీ పాత్రలకూ, షితౌ ముఖానికి రంగులు పూసుకొనే వీరపాత్రలకూ ఎంపికవుతారు. పెద్దయ్యాక చెంగ్ డియెయి, డువాన్ షియావోలౌ అనే రంగస్థల నామాలతో ఆ ఇద్దరూ ‘బావాంగ్ బ్యే జీ’ నాటకంలో ప్రియురాలు యు, రాజు షియాంగ్ యు పాత్రలు ధరించి విఖ్యాతులవుతారు. డియెయి షియావోలౌను ప్రేమిస్తాడు. షియావోలౌ జూషియాన్ అనే వేశ్యను పెళ్లాడతాడు. జపాన్ ఆక్రమణ, జాతీయవాదుల పాలన, కమ్యూనిస్టు విజయం, సాంస్కృతిక విప్లవం వరుసగా వారి జీవితాల మీదుగా నడిచిపోతాయి. 171 నిమిషాలలో 53 ఏళ్లు అంటే ఒక్కొక్క ఏటికి మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఈ లెక్క హాస్యానికి చెప్పింది కాదు. చిత్రంలోని తొందరకు అదే మూలం.

నాటకంలో లేనిది, చిత్రంలో ఉన్నది

చిత్రానికి పేరునిచ్చిన నాటకాన్ని ముందుగా గమనించాలి. క్రీ.పూ. 202లో గైషియా వద్ద చూ రాజ్యాధిపతి షియాంగ్ యు హాన్ సేనల ముట్టడిలో చిక్కుకొంటాడు. రాత్రివేళ నాలుగు దిక్కులనుండి తన దేశపు పాటలు వినిపించగా, తన ప్రజలు కూడా శత్రువుకు వశమయ్యారని అతడు నిరాశ చెందుతాడు. నాటకంలో ప్రియురాలు అతని ఎదుట కత్తులతో నృత్యం చేసి, అతనికి భారం కారాదని అదే కత్తితో ప్రాణం విడుస్తుంది. మేయ్ లాన్‌ఫాంగ్, యాంగ్ షియావోలౌ కలిసి ఈ నాటకాన్ని 1922లో రంగస్థలం మీదికి తెచ్చారు. చిత్రంలోని నాయకుని పేరు ఆ రెండో నటుని పేరును గుర్తుచేస్తుంది.

ఆసక్తికరమైన విషయమేమంటే, ఈ వృత్తాంతానికి మూలమైన సీమా చియెన్ చరిత్రగ్రంథంలో ఆమె మరణం లేదు. రాజు పాడాడు, ఆమె బదులు పాడింది, చుట్టూ ఉన్నవారు విలపించారు. అంతటితో చరిత్రకారుడు ఆమెను వదిలేశాడు. ఆమె ఆత్మహత్య తర్వాతి సంప్రదాయం పెంచి పోషించిన కల్పన. మన పురాణకథలు యక్షగానంలోకీ నాటకంలోకీ వచ్చేటప్పుడు పెరిగిన తీరు ఎరిగిన తెలుగు పరిశోధకునికి ఈ ప్రక్రియ కొత్తది కాదు.

అంతకన్న ముఖ్యమైనది మరొకటుంది. ఈ నాటకంలో ప్రేమికుల మధ్య ద్రోహం లేదు. ఓటమి ఉంది, విధి ఉంది, సైన్యం విడిచిపోవడం ఉంది. రాజు ప్రియురాలిని వంచించలేదు, ప్రియురాలు రాజును విడువలేదు. ఇద్దరి అనురాగం సమానమైనది కనుకనే అక్కడ కరుణం పండుతుంది. చిత్రంలో అనురాగం ఒకవైపే ఉంది. అటువంటి రతిని మన ఆలంకారికులు రసాభాసంగా లెక్కించారు. ఆ తీర్పును ఇక్కడ యాంత్రికంగా అన్వయించడం డియెయికి అన్యాయమే అవుతుంది. ఏకపక్షప్రేమ కూడా గొప్ప విషాదానికి వస్తువు కాగలదు. కాని అందుకు దాని ఏకపక్షతను కృతి గుర్తించి తీరాలి. చెన్ కైగె చిత్రం మాత్రం సమానప్రేమ గల నాటకాన్ని పదేపదే చూపుతూ, ఆ నాటకంలోని గాంభీర్యాన్ని తన కథకు అరువు తెచ్చుకొంటుంది. వేదికపై ప్రియురాలు కత్తి ఎత్తిన ప్రతిసారీ, వేదిక వెనుక షియావోలౌ ఏదో మాట తప్పినట్లు ప్రేక్షకునికి అనిపిస్తుంది. అతడు ఇవ్వని మాట అది.

పాత్ర అనే మాట

నాటకంలో ధరించే వ్యక్తిత్వాన్ని మనం ‘పాత్ర’ అంటున్నాం. గిన్నెను కూడా అదే మాటతో పిలుస్తున్నాం. ఇది యాదృచ్ఛికం కాదని అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో చెప్పాడు. మద్యం రుచి గిన్నెకు తెలియదు, ఆ గిన్నె ద్వారా తాగేవానికే తెలుస్తుంది. అట్లాగే రసాస్వాదం నటునిది కాదు, సామాజికునిది. ఈ అభిప్రాయంపై వాదోపవాదాలు ఉన్నప్పటికీ, అభినయకళకు మూలమైన ఒక దూరాన్ని ఇది స్పష్టంగా పట్టుకొంది. చైనీయ రంగస్థలం గురించి పాశ్చాత్యుడైన బ్రెహ్ట్‌కు కలిగిన ఆలోచన కూడా దీనికి దగ్గరగా ఉంది. 1935లో మాస్కోలో మేయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూసిన తర్వాత, ఆ నటుడు పాత్రగా మారిపోడనీ, పాత్రను చూపుతాడనీ, తన అభినయాన్ని తానే గమనిస్తున్నట్లు ఉంటాడనీ ఆయన రాశాడు.

మేయ్ లాన్‌ఫాంగ్ జీవితం ఈ దూరానికి సాక్ష్యం. స్త్రీ పాత్రలతో జగద్విఖ్యాతుడైన ఆ నటుడు, జపాన్ ఆక్రమణకాలంలో ప్రదర్శనలు నిరాకరిస్తూ మీసం పెంచాడు. స్త్రీ పాత్రధారి మీసం పెంచడమంటే వేషాన్నీ మనిషినీ వేరుచేసి చూపడమే. కూచిపూడి సంప్రదాయం కూడా ఇదే విషయం చెబుతుంది. తెరపైనుండి జడ వేసి ప్రవేశించే సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మను చూసినవారు స్త్రీయే అనుకొన్నారన్నది ప్రసిద్ధం. నాటకరంగంలో స్థానం నరసింహారావు సాధించినదీ అటువంటి కీర్తే. ఆ భ్రాంతికి లోనైనది ప్రేక్షకుడు. నటుడు కూడా అదే భ్రాంతిలో పడి ఉంటే లయ తప్పేది, చూపు చెదిరేది. నియమబద్ధమైన ఏ అభినయ సంప్రదాయమైనా శిక్షణతో సాధించేది ఈ మెలకువనే.

చిత్రంలో డియెయి ఇందుకు పూర్తిగా విరుద్ధంగా కనిపిస్తాడు. అతనికి వేషానికీ బతుకుకూ తేడా తెలియదని షియావోలౌ స్వయంగా అంటాడు. వేదిక మీద ఆ పిచ్చి ఉండవచ్చు గాని మామూలు మనుషుల మధ్య బతకడానికి అది పనికిరాదన్నది అతని మాటల సారాంశం. చిత్రం మొత్తంలో అభినయకళను గురించి చెప్పిన వివేకవంతమైన మాట ఇదొక్కటే. దర్శకుడు దాన్ని పిరికివాని నోట పెట్టి, దాని విలువను ముందే తగ్గించాడు.

డియెయి సాధారణ నటుడు కాడనీ, అసాధారణ వ్యక్తిగా అతణ్ణి చిత్రించే స్వేచ్ఛ కళాకారునికి ఉందనీ వాదించవచ్చు. ఆ స్వేచ్ఛను కాదనలేం. అయితే ఆ అసాధారణత ఎట్లా ఏర్పడిందో చిత్రం చెప్పిన పద్ధతి చూడాలి. బాలుడైన డౌజీ ఒక సన్న్యాసిని పాత్ర మాటలు పలికేటప్పుడు తాను ఆడపిల్లనని చెప్పవలసినచోట మగపిల్లవాణ్ణని పదేపదే తప్పుతాడు. గురువు దెబ్బలకు లొంగనివాడు, షితౌ పొగగొట్టాన్ని నోట్లో కుక్కి తిప్పగా నెత్తురు కారుతున్న నోటితో సరిగ్గా పలుకుతాడు. వెంటనే వృద్ధుడైన నపుంసక రాజోద్యోగి ఇంట అత్యాచారానికి గురవుతాడు. తల్లి వేలు నరకడంతో మొదలైన వరుస ఇది. ఈ దృశ్యాలు ఒక్కొక్కటిగా భయంకరంగా ఉన్నాయి. కలిపి చూస్తే మాత్రం, ఒక పురుషుడు మరొక పురుషుని ప్రేమించడానికి గాయమే కారణమన్న సులభసూత్రం తయారవుతుంది. ప్రేమకు స్వతంత్రమైన పుట్టుక లేకుండా పోయింది. అది ఒక హింసకు ఫలితంగా మిగిలింది. డియెయి ఏం చూసి షియావోలౌను ప్రేమించాడు, అతని నవ్వునా, గొంతునా, తెగువనా అన్న ప్రశ్నకు చిత్రంలో సమాధానం దొరకదు. లెస్లీ చ్యూంగ్ కళ్లలో దొరుకుతుంది. కథనంలో దొరకనిదాన్ని నటుడు తన శక్తితో పూరించాడు. అది చ్యూంగ్ గొప్పతనం.

మూడింటికి ఒకే పేరు

ఇప్పుడు ద్రోహం సంగతి. షియావోలౌ జూషియాన్‌ను పెళ్లాడతాడు. జపాన్‌వారు అతణ్ణి నిర్బంధించినప్పుడు డియెయి వారి ఎదుట పాడి విడిపిస్తాడు. బయటికి వచ్చిన షియావోలౌ కృతజ్ఞతకు బదులు అతని ముఖాన ఉమ్మేస్తాడు. 1949 తర్వాత, డియెయి చేరదీసి పెంచిన షియావోసీ గురువు పాత్రను తానే కాజేసినప్పుడు, షియావోలౌ కొంత తటపటాయించి చివరకు అతనితోనే వేదిక ఎక్కుతాడు. 1966లో గుంపు ఎదుట డియెయి రహస్యాలను బయటపెట్టి, భార్యను తాను ఎన్నడూ ప్రేమించలేదని ప్రకటిస్తాడు.

ఈ నాలుగింటిలో మొదటిది ద్రోహమే కాదు. ఒకరి ప్రేమకు మరొకరు బదులివ్వకపోవడం, వేరొకరిని వరించడం ఏ నీతిలోనూ వంచన అనిపించుకోదు. రెండవదీ మూడవదీ బలహీనతలు. ఒకటి అహంకారం వల్ల, మరొకటి భయం వల్ల, బతుకుతెరువు వల్ల జరిగినవి. నాలుగవది మాత్రమే అచ్చమైన ద్రోహం. నమ్మి చెప్పిన మాటను శత్రువు చేతికి ఆయుధంగా అందించడం అది. కాని చిత్రం నాలుగింటినీ ఒకే స్వరంలో వినిపిస్తుంది. అదే తాళధ్వని, అదే పొగమంచు, డియెయి ముఖం మీదికి అదే నెమ్మదైన కదలిక. పెళ్లి వార్తకు కలిగిన దుఃఖమూ, బహిరంగ నిందకు కలిగిన దుఃఖమూ ఒకే కొలతలో వస్తాయి. ప్రతిదానికీ అంతటి శోకాన్ని ఖర్చు చేసినందువల్ల, చివరి ద్రోహం వచ్చేనాటికి ప్రేక్షకుని దగ్గర కొత్తగా ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఔచిత్యం అనే మాటను క్షేమేంద్రుడు ఎంత విస్తృతంగా వాడినా, ఇటువంటి చోట అది ఎంతో నిర్దిష్టమైన ప్రమాణమవుతుంది.

మూడవ ఘట్టాన్ని గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చిత్రంలో అతి సూక్ష్మంగా తీసిన దృశ్యాలలో అది ఒకటి. వేషాలు వేసుకొనే గదిలో తన పాత్రను మరొకరు ధరించి నిలబడటం డియెయి చూస్తాడు. ఎవ్వరూ చనిపోరు. జూషియాన్ వచ్చి అతని భుజాల మీద వస్త్రం కప్పుతుంది. అతడు మర్యాదగా కృతజ్ఞత చెప్పి, దాన్ని జారవిడిచి నడిచిపోతాడు. ప్రత్యర్థులైన ఇద్దరు ఒకరినొకరు అర్థం చేసుకొన్న క్షణం అది. చెన్ కైగె ఇటువంటి నిగ్రహంతో మిగిలిన చిత్రాన్ని తీసి ఉంటే ఈ వ్యాసానికి అవసరమే ఉండేది కాదు.

జూషియాన్ పాత్ర నిజానికి ఈ కథలో అందరికన్నా సమగ్రమైనది. గాంగ్ లీ ఆమెను గడుసుగా, భయంగా, దయగా, స్వార్థంగా ఒకేసారి చూపగలిగింది. డియెయి షియావోలౌను విడిపిస్తే తాను అతణ్ణి వదిలి వెళ్తానని మాట ఇచ్చి, ఆ మాట తప్పుతుంది. నల్లమందు వ్యసనం వదులుకొనే వేళ చలికి వణికిపోతున్న అదే డియెయిని కన్నబిడ్డలా పొదువుకొంటుంది. 1966 దృశ్యంలో మంటల పాలైన కత్తిని ఆమె తీసి డియెయికి అందిస్తుంది. ఆ తర్వాత పెళ్లినాటి వస్త్రాలు ధరించి ఉరి వేసుకొంటుంది. ఆమె మరణానికి ఒక కారణం ఉంది. భర్త నోట విన్న ఒక వాక్యం అది. ప్రేక్షకుడు కూడా ఆ వాక్యాన్ని విన్నాడు. మూడు గంటల చిత్రంలో ద్రోహం నిజంగా ప్రాణం తీసినట్లు అనిపించే చోటు ఇదొక్కటే. ఆ చోటు నాటకప్రేమికులది కాదు, ఒక సాధారణ దాంపత్యానిది.

ఆ దృశ్యానికి అంతటి తీవ్రత ఎక్కడినుండి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. చెన్ కైగె సాంస్కృతిక విప్లవకాలంలో బాలుడిగా ఉండి, దర్శకుడైన తన తండ్రి చెన్ హువాయ్‌కాయ్‌ను గుంపు ఎదుట నిందించాడు. ఆ సంగతిని తానే తన జ్ఞాపకాలలో రాసుకొన్నాడు. ఆ తండ్రే ఈ చిత్రానికి కళాసలహాదారుగా పనిచేశాడు. కృతిని రచయిత జీవితంతో ముడిపెట్టి తీర్పు చెప్పడం సరైన పద్ధతి కాదు. అయినా, నిందించినవాడూ నిందపడినవాడూ తరువాత ఎన్నో ఏళ్లు కలిసి బతికిన అనుభవం ఆ దర్శకునికి ఉందన్న వాస్తవాన్ని విస్మరించలేం. ఎందుకంటే చిత్రంలో లేనిది సరిగ్గా అదే. జూషియాన్ ఉరి తర్వాత కథ ఒక్కసారిగా 1977కు దూకుతుంది. ద్రోహం చేసినవాడు మర్నాడు ఎట్లా నిద్రలేచాడు? ద్రోహానికి గురైనవాడూ అంతకు ముందో తర్వాతో తానూ నోరు జారినవాడే. గుంపు ఎదుట జూషియాన్ గతాన్ని బయటపెట్టింది డియెయి. అతడు ఆ మాటను ఎట్లా మోశాడు? ఈ వస్తువుకు ప్రాణమైన ప్రశ్నలివి. చిత్రం వాటిని ఒక్క కోతతో దాటేసింది.

నవలలోని వృద్ధాప్యం

లిలియన్ లీ 1985లో రాసిన మూలనవలలో ఆ ఇద్దరూ మరణించరు. ముసలితనంలో హాంకాంగులో కలుసుకొంటారు. దేహాలు సడలిపోయి, చెప్పుకోవడానికి మాటలు తక్కువై, ఎవరి బతుకు వారికి మిగిలి ఉన్న స్థితిలో విడిపోతారు. చిత్రానువాదంలో లీ కూడా పాలుపంచుకొన్నప్పటికీ, ముగింపు పూర్తిగా మారింది. చిత్రంలో ఖాళీగా ఉన్న వ్యాయామశాలలో సాధన చేస్తుండగా, షియావోలౌ సరదాకు ఆ పాత సన్న్యాసిని మాటలను అందిస్తాడు. డియెయి మళ్లీ చిన్నప్పటి తప్పే పలుకుతాడు. తాను మగవాణ్ణన్న మాట నోట వచ్చిన మరుక్షణం అతడు కత్తి దూసి నాటకంలోని మరణాన్ని తన మరణంగా చేసుకొంటాడు.

ఈ ముగింపును ఎందరో ప్రశంసించారు. కాని దాని తర్కం గమనించాలి. యాభై ఏళ్ల తర్వాత డియెయి వేషం నుండి మనిషిని వేరుచేసిన క్షణం అది. గిన్నె తాను గిన్నెనని గుర్తించిన క్షణం. అక్కడినుండి ఒక మనిషి కథ మొదలుకావచ్చు. చిత్రం ఆ మనిషిని ఒక్క నిమిషం కూడా బతకనివ్వదు. ఎందుకంటే పాత్రకు వెలుపల డియెయి ఎవరో దానికి తెలియదు. నవలలో అలసిపోయిన ఇద్దరు వృద్ధులు చిత్రంలోని అందమైన శవం కన్న ఎక్కువ నిజం చెబుతారు.

చెన్ కైగెకు ఇంతకన్న సూక్ష్మంగా ద్రోహాన్ని చూపడం తెలుసు. 1984లో ఆయన తీసిన తొలిచిత్రం ‘ఎల్లో ఎర్త్’ అందుకు రుజువు. 1939లో జానపదగీతాలు సేకరించడానికి ఒక కమ్యూనిస్టు సైనికుడు షాన్‌షీ ఉత్తరప్రాంతపు పల్లెకు వస్తాడు. త్సుయ్‌చియావో అనే పిల్ల తననూ వెంట తీసుకుపొమ్మని అడుగుతుంది. పైవారి అనుమతి లేనిదే కుదరదనీ, తిరిగి వస్తాననీ అతడు చెబుతాడు. అతడు అబద్ధం ఆడలేదు, తిరిగి వస్తాడు కూడా. కాని ఈలోగా ఆమెకు పెళ్లయింది. పడవలో నదిని దాటబోయి, పాట మధ్యలోనే ఆమె గొంతు ఆగిపోయింది. అక్కడ కేకలు లేవు, కత్తి లేదు, ఉమ్మిన ముఖం లేదు. ఒక నియమాన్ని పాటించిన మంచివాని వల్ల జరిగిన ద్రోహం అది. గంటన్నర చిత్రంలో మాటలు కూడా కొద్దే. ఆకాశాన్ని సన్నని గీతగా మిగిల్చి తెరనంతా నేలతో నింపిన ఆ చట్రంలో, ఆ పిల్ల ఎదురుచూపు ఎంత పొడవైనదో ప్రేక్షకునికి తెలుస్తుంది. తొమ్మిదేళ్ల తర్వాత అదే దర్శకుడు చేతికి అందిన పట్టునూ, రంగునూ, చరిత్రనూ అన్నింటినీ వాడి, ఆ ఎదురుచూపును మాత్రం పోగొట్టుకొన్నాడు.

‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’లో ఆ ఎదురుచూపు ఛాయ ఒకచోట ఉంది. చిత్రం మొదట్లో, వేషాలతో వ్యాయామశాలలోకి వచ్చిన ఇద్దరినీ అక్కడి కాపలావాడు పలకరిస్తాడు. కలిసి ప్రదర్శించి ఎన్నేళ్లయిందో షియావోలౌ ఒక సంఖ్య చెబుతాడు. డియెయి దానికి ఒకటి కలిపి సరిదిద్దుతాడు. ఒకరినొకరు చూసుకొని ఎన్నేళ్లయిందో చెప్పినప్పుడూ అంతే. షియావోలౌ పది అంటాడు, డియెయి పదకొండు అంటాడు. ఒకడు ఉజ్జాయింపుగా బతికాడు, మరొకడు లెక్కపెట్టుకొంటూ బతికాడు. ఈ తేడాలో ప్రేమా ఉంది, ద్రోహమూ ఉంది. ఆ పదకొండో సంవత్సరం ఎట్లా గడిచిందో చూపడానికి తర్వాతి మూడు గంటలలో చిత్రానికి తీరిక దొరకలేదు.